రెండో గొంతు



2020 ఫిబ్రవరి 7న 'జాను' అనే సినిమా విడుదలైంది. శర్వానంద్, సమంత నటించారు. 2018లో తమిళంలో వచ్చిన '96'కు అది తెలుగు రూపం. రెండింటికీ దర్శకుడు సి. ప్రేమ్‌కుమారే. కథానాయకుడు రామచంద్ర ఫొటోలు తీసుకుంటూ ఊళ్ళు తిరిగే మనిషి. సినిమా మొదట్లో కెమెరా పట్టుకుని ఒక్కడే తిరుగుతుంటాడు. ఆ తిరుగుడు వెంబడి ఒక పాట నడుస్తుంది. దాని పేరు 'లైఫ్ ఆఫ్ రామ్'. రచన సిరివెన్నెల సీతారామశాస్త్రి, సంగీతం గోవింద్ వసంత, పాడినవారు ప్రదీప్ కుమార్.

సినిమా అనుకున్నంతగా ఆడలేదు. నెలన్నరకల్లా లాక్‌డౌన్ వచ్చి థియేటర్లే మూతబడ్డాయి. పాట మాత్రం నిలబడింది. దాన్ని జీ తెలుగు 'సరిగమప' పోటీలో యశస్వి కొండేపూడి అనే యువకుడు పాడారు. అది టీవీలో వచ్చిందే తడవు ఫోన్ల నుంచి ఫోన్లకు పోయింది. 2021లో ఆ పోటీ విజేత కూడా ఆయనే అయ్యారు. మా కోయిలకుంట్ల పిల్లల్లో ఈ పాటను ముందు యశస్వి గొంతులో విని, ఆ తరవాత సినిమా పాటను వెతుక్కుని విన్నవాళ్ళే ఎక్కువ.

ఇలాంటప్పుడు పెద్దవాళ్ళు ఒక మాట అంటుంటారు. "ఒకరు పాడిన పాటను మళ్ళీ పాడితే అందులో గొప్పేముంది? అసలు అసలే, నకలు నకలే" అని. ఈ మాటతో నాకు పేచీ ఉంది. ఈ పూట దాని గురించే మాట్లాడతాను.

ముందు ఆ పాట సంగతి చూద్దాం. ఒంటరితనాన్ని బాధగా కాకుండా ఇష్టంగా చెప్పుకునే మనిషి పాట అది. తోడు లేదని ఏడవడు. దారిని, ఆకాశాన్ని తన మనుషులుగా చేసుకుని నడిచిపోతుంటాడు. వినడానికి తేలిగ్గా ఉంటుంది, పాడబోతే తెలుస్తుంది కష్టం. వాక్యం వెంట వాక్యం వస్తూ ఉంటుంది. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో ముందే లెక్క వేసుకోకపోతే మాట నడుమ తెగుతుంది. మాట తెగితే సిరివెన్నెల గారి పాటలో అర్థమే తెగుతుంది. ప్రదీప్ కుమార్ దీన్ని లోగొంతుకతో, తనలో తాను అనుకుంటున్నట్టు పాడారు. తెర మీద మనిషి ఒంటరిగా ఉన్నాడు కాబట్టి ఆ గొంతు అక్కడ సరిగ్గా కుదిరింది.

మరి పోటీ వేదిక సంగతి వేరు. నెత్తి మీద లైట్లు, ఎదురుగా కోటి, చంద్రబోస్, ఎస్.పి. శైలజ లాంటి న్యాయనిర్ణేతలు, పక్కన వాద్యబృందం, మొహంలోకి చొచ్చుకొచ్చే కెమెరా. అక్కడ నిలబడి తనలో తాను గొణుక్కుంటే కుదరదు. అలాగని గొంతెత్తి అరిస్తే ఆ పాట పాటే కాదు. యశస్వి ఈ రెంటి నడుమ దారి పట్టుకున్నారు. తనతో తాను చెప్పుకునే మాటను ఎదుటివాళ్ళతో చెప్పే మాటగా మార్చారు. మొదటి గొంతులో ఆ బాటసారి మనల్ని చూడడు. రెండో గొంతులో ఒక్క క్షణం ఆగి, మన వైపు తిరిగి, తన సంగతి చెప్పి పోతాడు. ట్యూన్ అదే, మాటలవే, అయినా పాట తీరు మారింది. నా మట్టుకు నాకు రెండూ కావాలి. ఒకటి విన్నాక రెండోదాని విలువ ఇంకా బాగా తెలిసింది.

అది కరోనా కాలమన్న సంగతి కూడా మరచిపోకూడదు. ఇంటి గడప దాటాలంటే భయపడిన రోజులవి. బెంగళూరు, హైదరాబాద్ లాంటి చోట్లకు పనికి పోయిన మా సీమ పిల్లలెందరో సంచీలు సర్దుకుని ఊళ్ళకు వచ్చేశారు. ఎటు పోవడానికీ లేని ఆ పిల్లలు, దారులన్నీ తనవే అనుకునే మనిషి పాటను పదేపదే విన్నారంటే ఆశ్చర్యం ఏముంది?

ఇంకో సంగతి. నకలు అంటున్నామే, అసలు ఆ తెలుగు పాటకు కూడా ముందొకటి ఉంది. తమిళంలో ఇదే వరసకు కార్తీక్ నేత అనే కవి మాటలు రాశారు. పాడింది అక్కడా ప్రదీప్ కుమారే. సిరివెన్నెల గారు ఆ వరసను తీసుకుని తెలుగు మనిషి ఒంటరితనాన్ని అందులో కొత్తగా చెప్పారు. ఆ లెక్కన యశస్వి పాడినది మూడో పుట్టుక. మూడు చోట్లా పాట బతికే ఉంది. అసలు-నకలు అనే తూకం ఇక్కడ పని చెయ్యదు.

లోకంలో దీనికి పెద్ద ఉదాహరణ 'హల్లెలూయా'. కెనడా కవి, గాయకుడు లెనార్డ్ కోహెన్ 1984లో తన ఆల్బంలో ఆ పాట పాడారు. అప్పట్లో ఎవరూ అంతగా పట్టించుకోలేదు. ఆ ఆల్బంను అమెరికాలో విడుదల చెయ్యడానికి ఆయన రికార్డుల కంపెనీయే ముందుకు రాలేదు. 1991లో జాన్ కేల్ అనే గాయకుడు దాన్ని పియానో మీద పాడారు. అది విని 1994లో జెఫ్ బక్లీ తన పద్ధతిలో పాడారు. 2008లో బ్రిటన్‌లో 'ఎక్స్ ఫ్యాక్టర్' అనే టీవీ పోటీ గెలిచిన అలెగ్జాండ్రా బర్క్ విజేతగా తన మొదటి పాటగా దాన్నే విడుదల చేశారు. ఆ క్రిస్మస్ వారం బ్రిటన్ పాటల పట్టికలో బర్క్ పాట 1వ స్థానంలో ఉంది. బక్లీ పాట 2వ స్థానంలో ఉంది. 24 ఏళ్ళ నాటి కోహెన్ సొంత గొంతు కూడా 36వ స్థానానికి వచ్చింది. కొత్త గొంతు పాత గొంతును తోసెయ్యలేదు, చెయ్యి పట్టుకుని జనం ముందుకు తెచ్చింది. బర్క్ పాట నచ్చనివాళ్ళు అప్పుడు చాలామందే ఉన్నారు. ఆ పాటలోని సందిగ్ధం, దిగులు ఆమె గొంతులోని హోరులో పోయాయని వాళ్ళ బాధ. ఆ బాధలో నిజం లేకపోలేదు. అయినా వాళ్ళు కోపంతో వెతుక్కుంటూ పోయింది కోహెన్ దగ్గరికే.

మనకు కూడా ఇది కొత్తేమీ కాదు. 1996లో ఈటీవీలో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారి 'పాడుతా తీయగా' మొదలైన రోజుల్లో అందులో పాడిన స్మిత తరవాత పాప్ గాయనిగా పేరు తెచ్చుకున్నారు. 'మసక మసక చీకటిలో' పాటను కొత్త దరువుతో మళ్ళీ పాడారు. అది 1973 నాటి 'దేవుడు చేసిన మనుషులు' సినిమాలోది. ఆరుద్ర రాస్తే, రమేష్ నాయుడు వరస కడితే, ఎల్.ఆర్. ఈశ్వరి పాడారు. స్మిత పాడకపోతే 2000 తరవాతి పిల్లలకు ఈశ్వరి గారి గొంతు అంత త్వరగా చేరేది కాదు.

ఇప్పుడు నేను ఆ పాటకు మూడు పేర్లు చెప్పాను, గమనించే ఉంటారు. రాసినవారు, వరస కట్టినవారు, పాడినవారు. ఈ అలవాటు మనకు రేడియో నేర్పింది. పాట వేసే ముందు ఆ పేర్లు చెప్పకుండా ఆకాశవాణి అనౌన్సర్ ఏ రోజూ ముందుకు పోలేదు. లలిత సంగీతంలో 'ఈ మాసపు పాట' అని వచ్చేది. నెలంతా ఒకే పాట వినిపించి, ఇంట్లో కూర్చున్నవాళ్ళు దాన్ని నేర్చుకునేలా చేసేవారు. ఒక్కసారి ఆలోచించండి. మీరూ మళ్ళీ పాడండి అని శ్రోతలను పిలిచింది రేడియోనే. బాలు గారు ఆ మర్యాదను టీవీకి తీసుకుపోయారు. పాడే పిల్ల చేత ముందు ఆ పేర్లు చెప్పించేవారు. శ, ష, స తేడా పోతే ఆపి దిద్దేవారు. ఒత్తు పలక్కపోతే ఊరుకునేవారు కాదు. ఆ పాట రికార్డు అయిన రోజు ఏం జరిగిందో కథలా చెప్పేవారు. 2020 సెప్టెంబర్ 25న ఆయన వెళ్ళిపోయారు. పోటీల వేదికలకు ఆయన ఇచ్చి పోయినది తీర్పులు కాదు, ఆ మర్యాద.

ఇక మా ఊరి వైపు వద్దాం. కోయిలకుంట్లది నల్లరేగడి నేల, కుందూ నది పక్క సీమ. శనగ, జొన్న, పత్తి పండుతాయి. ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉంది, 2022 దాకా కర్నూలు జిల్లా. వినాయక చవితి వచ్చిందంటే వీధికో పందిరి. రాత్రి ఎనిమిది తరవాత పిల్లలు మైకు పట్టుకుంటారు. ఇప్పుడు వాద్యాలు అక్కర్లేదు. ఫోన్‌లో కరోకే ట్రాక్ పెట్టి స్పీకరుకు కలిపితే చాలు.

ఒక చవితి పందిట్లో ఇంటర్ చదివే అమ్మాయి 'లైఫ్ ఆఫ్ రామ్' ఎత్తుకుంది. ట్రాక్ మగ గొంతు శృతిలో ఉంది. పల్లవిలో ఆమె గొంతు అడుక్కి పోయి మాటలే వినబడలేదు. పైస్థాయికి ఎత్తుకుంటే చరణంలో కీచుమంది. పిల్లలు నవ్వారు. కీబోర్డు వాయించే పెద్దాయన ఒకరు దగ్గరికి పోయి, "పాపా, గొంతుదేం తప్పు లేదు, శృతిది తప్పు. ఆపు, మార్చుకుందాం" అన్నారు. ఫోన్‌లో శృతి మార్చే వీలుంది. ఆయన ఒక్కో మెట్టే పైకి జరుపుతూ, ఆమె చేత పల్లవి మొదటి ముక్క పాడిస్తూ, సరిపోయిన చోట ఆపారు. ఈసారి పాట నిలబడింది. మగవాళ్ళకు ఒకటి శృతి సరిపోతే ఆడవాళ్ళకు ఐదు, ఐదున్నర కావాలని సంగీతం నేర్పేవాళ్ళు మొదటి రోజే చెబుతారు. పాడిన మహానుభావుడి శృతిలోనే పాడి తీరాలని పట్టుబట్టి గొంతులు పాడుచేసుకుంటున్న పిల్లలు ఎంతమందో! మళ్ళీ పాడటం అంటే ముందు తన శృతి తాను తెలుసుకోవడం. టీవీ పోటీల్లో దీన్ని చూసుకోవడానికి వెనక మనుషులుంటారు. పందిట్లో ఆ పెద్దాయన లాంటివారు ఉండాలి.

ఇక సంగతుల జబ్బు, అంటే గొంతు మెలికల జబ్బు ఒకటి. సాఫీగా పోయే చోట గొంతును నాలుగు మెలికలు తిప్పితే చప్పట్లు పడతాయి. ఒక వారం పడ్డాయంటే పై వారం ఆరు మెలికలు. సిరివెన్నెల మాట ఆ మెలికల్లో చిక్కుకుని పోతుంది. యశస్వి పాడిన దానిలో నాకు బాగా నచ్చింది ఇదే, మాటకు చోటు వదిలారు. టీవీలో ఇంకో కోత కూడా ఉంది. సమయం చాలదని ఒక చరణం ఎగరగొడతారు. కవి మూడు మెట్లలో చెప్పిన సంగతి రెండు మెట్లకే ఆగిపోతుంది. కార్యక్రమం నడిపేవాళ్ళ ఇబ్బంది నాకు తెలుసు. అయినా గెలుపు తేల్చే చివరి పాటనైనా నిండుగా పాడనివ్వాలి.

నిండుగా పాడటం అన్నాను కాబట్టి మా రేనాటి, అంటే ఈ కుందూ సీమ పాట దగ్గరికి రాక తప్పదు. 1846 జూలైలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డారు. పాలెగాళ్ళ వంశానికి కుంఫిణీ ఇచ్చే తవర్జీ, అంటే నెలనెలా ఇచ్చే భరణం, అందలేదన్నది, అడగబోతే అవమానం జరిగిందన్నది దానికి ముందున్న కథ. ఆ అక్టోబర్‌లో పట్టుబడ్డారు. 1847 ఫిబ్రవరి 22న ఈ కోయిలకుంట్లలోనే, జనం చూస్తుండగా ఉరి తీశారు. తలను కోట గుమ్మానికి వేలాడదీసి 1877 దాకా అలాగే ఉంచారు. 30 ఏళ్ళు! ఆ దారిన పోయే ప్రతివాడూ తల ఎత్తితే అదే కనబడాలని, నోరు ఎత్తకూడదని. జనం నోరు ఎత్తారు. పాట కట్టారు. కోలాటంలో, చెక్కభజనలో, జంగాల కథల్లో ఆ పాట తిరిగింది. కట్టిన కవి పేరు మనకు అందలేదు. అందింది పాట ఒక్కటే, అదీ మళ్ళీ మళ్ళీ పాడినవాళ్ళ వల్ల. ఒకరి నోట విన్నవారు ఇంకొకరికి నేర్పారు. తాత ఒక మాట వదిలేస్తే మనవడు రెండు కలిపాడు. రికార్డు లేదు, అచ్చు లేదు. రెండో గొంతు, మూడో గొంతు, నూరో గొంతు లేకపోతే నరసింహారెడ్డి కథ తెల్లదొరల దస్తావేజుల్లో దొంగతనం కేసుగా మిగిలేది.

1866 కరువులో వేలమందికి అన్నం పెట్టిన బుడ్డా వెంగళరెడ్డి మీద పుట్టిన పాటలూ ఇలాగే బతికాయి. ఆయనదీ ఉయ్యాలవాడే. తెలుగు వీరగాథల మీద పరిశోధన చేసిన తంగిరాల వెంకట సుబ్బారావు గారు ఈ ఇద్దరి మీదా 'రేనాటి సూర్యచంద్రులు' అనే పుస్తకం రాశారు. మా వైపు చదువుకున్న ప్రతి ఇంట్లో ఉండదగిన పుస్తకం.

2019 అక్టోబర్ 2న 'సైరా నరసింహారెడ్డి' సినిమా వచ్చింది. చిరంజీవి నటించారు, సురేందర్ రెడ్డి దర్శకుడు, అమిత్ త్రివేది సంగీతం. జనం పాటలో పల్లవిగా వచ్చే 'సైరా' అన్న పిలుపే సినిమాకు పేరైంది. అందులోని టైటిల్ పాట రాసింది కూడా సిరివెన్నెల గారే. పాడిన ఇద్దరు ఎవరో తెలుసా? సునిధి చౌహాన్, శ్రేయా ఘోషల్. సునిధి 1996లో దూరదర్శన్‌లో వచ్చిన 'మేరీ ఆవాజ్ సునో' పోటీ గెలిచిన అమ్మాయి. శ్రేయ జీ టీవీ 'సరిగమ'లో పిల్లల పోటీ గెలిచి, ఆ వేదిక మీదే సంజయ్ లీలా భన్సాలీ దృష్టిలో పడి, 2002లో హిందీ 'దేవదాస్'తో దేశమంతా వినబడ్డారు. యశస్వి గెలిచిన తెలుగు 'సరిగమప' ఆ చెట్టుకు పుట్టిన కొమ్మే. అంటే కోయిలకుంట్లలో ఉరికంబం ఎక్కిన మనిషి కథను 172 ఏళ్ళ తరవాత టీవీ పోటీల్లో గెలిచి పైకొచ్చిన ఇద్దరు ఆడపిల్లలు పాడారు. ఇద్దరికీ తెలుగు తల్లిభాష కాదు. అయినా చాలా గొప్పగా పాడారు. వాళ్ళ గొంతుల్లోని ఉద్వేగానికి నేను చెయ్యెత్తి మొక్కుతాను.

కాని ఆ పాట సినిమా కోసం పుట్టిన కొత్త పాట. వీరుణ్ణి ఆకాశమంత ఎత్తున నిలబెట్టి కీర్తించే పాట. మా జనం పాట వేరు. అందులో ఊళ్ళ పేర్లుంటాయి, మనుషుల పేర్లుంటాయి, జరిగిన వరస ఉంటుంది. రెడ్డి దేవుడు కాదు, పక్క ఊరి మనిషి. సినిమా పాట ఉండగా దీని అవసరం ఏముందని ఎవరైనా అంటే ఒప్పుకోను. దాని చోటు దానిది, దీని చోటు దీనిది.

నన్ను బాధపెట్టే సంగతి ఒకటుంది. టీవీ పోటీల్లో జానపదం పేరుతో ప్రత్యేకంగా ఒక వారం పెడతారు. అందులో తెలంగాణ పాటలు వస్తాయి, ఉత్తరాంధ్ర పాటలు వస్తాయి, చాలా సంతోషం. రేనాటి వీరగాథ మాత్రం నాకు వినబడలేదు. మా పిల్లలకు గొంతు లేక కాదు. 2016లో మా వైపు నంద్యాల–ఎర్రగుంట్ల రైలు వచ్చింది, పోటీల ఎంపికకు పోయి రావడం కాస్త తేలికైంది. పోయే పిల్లలు ఏం తీసుకుపోతున్నారు? సినిమా పాటలే. న్యాయనిర్ణేతలకు తెలిసిన పాట అయితేనే మార్కులు పడతాయని భయం. 'లైఫ్ ఆఫ్ రామ్' కూడా మొదట్లో నలుగురికీ తెలిసిన పాటేమీ కాదు, ఆడని సినిమాలోని పాట. పాడిన తీరు దాన్ని నలుగురికీ తెలిసేలా చేసింది. ఆ పని మా పాటకూ జరగవచ్చు.

దానికి ముందు పాట పిల్లల చేతికి అందాలి. అందుకే ఈ కార్యక్రమం వింటున్న రేనాటి శ్రోతలకు, కర్నూలు, కడప, నంద్యాల జిల్లాల శ్రోతలకు ఒక విన్నపం. మీ ఊళ్ళో కోలాటం నేర్పే గురువులు, చెక్కభజన కట్టే పెద్దలు, కలుపు తీస్తూ పాడే అవ్వలు ఉంటారు. నరసింహారెడ్డి పాట గానీ, వెంగళరెడ్డి పాట గానీ వాళ్ళకు వచ్చేమో అడగండి. వస్తే ఫోన్‌లో రికార్డు చెయ్యండి. తొందరపెట్టకండి, చరణాలు కోయకండి, మొదటి నుంచి చివరి దాకా పాడనివ్వండి. మరచిపోయిన చోట ఆగనివ్వండి, గుర్తొచ్చాక మళ్ళీ అందుకుంటారు. పాటకు ముందు వాళ్ళ పేరు, ఊరి పేరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారన్న సంగతి వాళ్ళ నోటనే చెప్పించండి. ఆ రికార్డు మీ ఊరి బడిలో పాడే పిల్లలకు ఇవ్వండి. పిల్లలూ, మీ శృతి మీరు చూసుకుని, మాట చెడకుండా నేర్చుకోండి. మీలో ఎవరైనా రేపు ఏ టీవీ వేదిక మీదికైనా ఎక్కితే, పాట ఎత్తుకునే ముందు నేర్పిన అవ్వ పేరు, ఆమె ఊరి పేరు మైకులో చెప్పండి.